పేరు కలిసింది, కార్డు పోయింది

మన పేర్లను సర్కారు కాగితాలు ఎన్నడూ నిండుగా రాయలేదు. షేక్‌ను ఎస్కే చేశాయి, మహమ్మద్‌ను ఎండీ చేశాయి. ఓటరు లిస్టులో ఒక తీరు, రేషన్ కార్డులో ఇంకో తీరు, బడి రిజిస్టర్లో ఆనాటి హెడ్మాస్టర్ చెవికి ఎట్లా వినపడితే అట్లా. మణుగూరు లాంటి ఊళ్లో ఒకే ఇంట్లో తండ్రి ఎండీ, తల్లి షేక్, కొడుకు మహ్మద్, కోడలు సయ్యద్ అయి ఉండటం వింతేమీ కాదు. మనకూ అది ఇబ్బందిగా తోచలేదు. పిలిచే పేరు ఇంట్లో వేరే ఉంది గదా, కాగితం మీద ఏదుంటే ఏం అనుకున్నాం. గుమాస్తా కూడా మనిషే కాబట్టి బండి నడిచింది. తల ఎత్తి చూసి, "నువ్వు ఫలానా పాషా కొడుకువు గదా" అని అడిగి గడి నింపేవాడు. ఇప్పుడు ఆ గడులన్నీ ఒక్కచోట కుప్ప పోసి, తల ఎత్తడం తెలియని యంత్రం ముందు పెట్టారు. ఆ కుప్పకు బిగ్ డేటా అని పేరు. పాలకులు నిర్ణయాలు తీసుకునే తీరే దీనితో మారిపోయిందని గొప్పగా చెప్తున్నారు. మారిన మాట నిజమే. ఎవరి బతుకులో ఎట్లా మారిందన్నది తెలుగు ముస్లిం వైపు నిలబడి చూసినవాళ్లు తక్కువ.

మన విమర్శకులు కథలు చదువుతారు, కవితలు చదువుతారు, సర్కారు ఫారాలు మాత్రం చదవరు. చదవాలి. ఫారం కూడా ఒక రచనే. దానికీ ఒక రచయిత ఉంటాడు, అతని మనసులో ఒక నమూనా మనిషి ఉంటాడు. మన ఫారాల్లో తరచుగా మొదట కనిపించే గడి 'ఇంటిపేరు'. ఆ గడి గీసినవాడి మనసులోని మనిషికి తండ్రి నుంచి కొడుక్కి దిగే ఇంటిపేరు ఉంది, పెళ్లయితే ఆడమనిషికి అది మారుతుంది. ముస్లిం ఇళ్లలో చాలామందికి ఈ అర్థంలో ఇంటిపేరే లేదు. షేక్, సయ్యద్, పఠాన్ అనేవి వంశాన్నో, హోదానో, తెగనో చెప్పే మాటలు. మహమ్మద్ అనేది ప్రవక్త పేరును బరకత్ కోసం ముందు పెట్టుకోవడం. గడి ఖాళీగా ఉంచకూడదు కాబట్టి వీటినే తెచ్చి అందులో కూర్చోబెట్టారు. దాంతో ఒకరికొకరు ముఖమైనా తెలియని వేల కుటుంబాలకు ఒకటే 'ఇంటిపేరు' వచ్చిపడింది. ఒక్క తల్లి పిల్లలు మాత్రం రెండు ఇంటిపేర్ల వాళ్లయ్యారు. దూదేకుల వాళ్లలో చాలామందికి తెలుగు ఇంటిపేర్లు ఉంటాయి. అక్కడ తికమక ఇంకో రకం. ఇంటిపేరు చూస్తే మనవాడే, పేరు చూస్తే సాయిబు.

ఇక అసలు పేర్ల సంగతి. అన్నారం షరీఫ్‌లో యాకూబ్ షావలీ దర్గాకు మొక్కుకున్నాక పుట్టినవాడు ముస్లిం ఇంట యాకూబ్ అవుతాడు, పక్కింట యాకయ్య అవుతాడు, ఆడపిల్లయితే యాకమ్మ. యాకూబ్ రెడ్డి కూడా ఉంటాడు. జాన్‌పహాడ్ దర్గా పేరు మీద సైదులు, సైదమ్మ ఎన్ని ఇళ్లలో ఉన్నారో లెక్కలేదు. ఖమ్మం, వరంగల్, నల్లగొండ జిల్లాల పొత్తు బతుకు ఈ పేర్లలో ఉంది. దీన్ని గంగా జమునా తెహజీబ్ అని ఉపన్యాసాల్లో పొగిడే దొరలకు, అదే తెహజీబ్ కంప్యూటర్ గడిలోకి పోతే తప్పుల కుప్ప అవుతుందని ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇది ముస్లింల గోడు మాత్రమే అనుకుంటే పొరపాటు. మణుగూరు, పినపాక చుట్టూ ఉన్న కోయగూడేలకు పోయి చూడండి. పాయం, కుంజా, సోడె, ఇర్ప లాంటి ఇంటిపేర్లు. ఒక గూడెంలో సగం ఇళ్లకు ఒకటే ఉంటుంది. పేర్లేమో సమ్మయ్య, సమ్మక్క, సారక్క, ముత్తయ్య. పుట్టినతేదీ అడిగితే జనవరి 1 అని బడి పంతులు ఏనాడో రాసిన తేదీ. ఇక 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్ నుంచి అడవి దాటి వచ్చిన గుత్తికోయలైతే రెండు రాష్ట్రాల లెక్కల మధ్య పడ్డ మనుషులు. సాయిబుల బజారూ కోయగూడెమూ పక్కపక్కన ఉండే మణుగూరులో ఈ పేర్ల సంగతి మనకు తెలిసినంతగా రాజధానిలో కూర్చుని సాఫ్ట్‌వేర్ రాసేవాడికి తెలియదు.

తెలంగాణ రాష్ట్రం వచ్చి మూడు నెలలు నిండకముందే, 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. ఒక్క రోజులో కోటికి పైగా కుటుంబాల లెక్క. భివండీ నుంచి, సూరత్ నుంచి జనం రైళ్లలో బస్సుల్లో ఊళ్లకు పరుగెత్తి వచ్చారు. ఆ రోజు ఇంట్లో లేకపోతే రేపు ఏ పథకంలోనూ ఉండమన్న భయం. పేదవాడు లెక్కకు ఎదురుపోయి నిలబడ్డాడు. ఇది గుర్తుపెట్టుకోవాలి. లెక్కంటే మనకు మొదటినుంచీ వ్యతిరేకత ఉన్నట్టు మాట్లాడేవాళ్లకు ఇదే జవాబు.

ఆ తర్వాత 2016 ప్రాంతంలో సమగ్ర వేదిక అనే వ్యవస్థ వచ్చింది. దీని వెనక ఉన్నది హైదరాబాద్ కంపెనీ పాసిడెక్స్ సాఫ్ట్‌వేర్. దీని పని వినడానికి సుళువు. రవాణా శాఖ దగ్గర బండ్ల లెక్క ఉంది, మున్సిపాలిటీ దగ్గర ఇంటిపన్ను లెక్క ఉంది, కరెంటు వాళ్ల దగ్గర మీటర్ల లెక్క ఉంది, రెవెన్యూ దగ్గర భూమి లెక్క ఉంది. ఈ లెక్కలన్నీ వేరువేరు కాలాల్లో, వేరువేరు గుమాస్తాలు, వేరువేరు స్పెల్లింగులతో రాసినవి. అన్నింటికీ ఉమ్మడిగా ఒక నంబరు ఉండదు. అందుకని పేరు, తండ్రి పేరు, చిరునామా, వయసు పక్కపక్కన పెట్టి, ఎంత పోలిక ఉంటే అంత మార్కు వేసి, ఈ కాగితంలో ఉన్నవాడూ ఆ కాగితంలో ఉన్నవాడూ ఒక్కడే అని యంత్రం అంచనా కడుతుంది. జాగ్రత్తగా గమనించండి, అది అంచనా. రుజువు కాదు. స్పెల్లింగు తేడాలు దాటి పట్టుకోవడమే దాని సామర్థ్యం. ఒక అక్షరం అటూ ఇటూ అయినా, మధ్యలో ఒక మాట లేకపోయినా 'ఇతనే అతను' అనగలగాలి. లేకపోతే దాన్ని కొనేదెవరు?

ఇప్పుడు దాన్ని మన పేర్ల మీదికి వదలండి. షేక్ అనే ఒక్క మాటను ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాస్తారు. కె దగ్గర ఆపేసేవాళ్లున్నారు, కె తర్వాత హెచ్ తగిలించేవాళ్లున్నారు, ఐ బదులు ఇ, ఐ రెండూ పెట్టేవాళ్లున్నారు, ఎస్.కె. అని రెండక్షరాలతో సరిపెట్టేవాళ్లున్నారు. ఆ నాలుగూ ఒకటేనని యంత్రానికి నేర్పితే బజారులోని జానీలందరూ ఒకే జానీ అయిపోతారు. నేర్పకపోతే ఒక్క జానీయే నలుగురు జానీలవుతాడు. మొదటి తప్పుతో పేదవాడు కారుకు ఓనరవుతాడు. రెండో తప్పుతో ఒకే ఇంటివాళ్లు దొంగకార్డులు పెట్టుకున్నవాళ్లవుతారు. ఏ వైపు తప్పినా దెబ్బ తగిలేది ఒకే మనిషికి.

దెబ్బ తగిలింది. 2014 నుంచి 2019 దాకా తెలంగాణలో సుమారు 19 లక్షల ఆహారభద్రత కార్డులు రద్దయ్యాయి. ఎక్కువమందికి ముందు నోటీసు లేదు, తర్వాత కారణం లేదు. రేషన్ షాపు ముందు జరిగే సంభాషణ మా దగ్గర అందరికీ కంఠతా వచ్చు.

"నీది కంప్యూటర్ల లేదు బీబమ్మా."

"ఎందుకు లేదు బిడ్డా? పోయిన నెల ఇచ్చినవు గద."

"నాకేం తెలుస్తది. పైనుంచే తీసేసిండ్రు."

ఈ 'పైన' ఎక్కడుందని అడిగితే డీలర్ తహసీల్దార్ ఆఫీసు చూపిస్తాడు. ఆ ఆఫీసులో జిల్లా ఆఫీసు చూపిస్తారు. జిల్లా వాళ్లు హైదరాబాద్ అంటారు. హైదరాబాద్‌లో సిస్టమ్ అంటారు. పాతకాలం గుమాస్తా లంచం అడిగితే తిట్టడానికి ఒక ముఖమన్నా ఉండేది. లంచగొండితనం ఎక్కువ బాధించిందా ఈ ముఖం లేనితనం ఎక్కువ బాధిస్తున్నదా అని నన్నడిగితే, రెండోదే అంటాను. మొదటిదానికి కనీసం ఎదురు తిరిగే చోటు ఉంది.

2024 జనవరిలో అల్ జజీరా ప్రచురించిన పరిశోధనలో హైదరాబాద్‌కు చెందిన ఒక ముస్లిం వితంతువు సంగతి ఉంది. భర్త రిక్షా తొక్కి బతికిన మనిషి. అతని పేరుకూ, ఎవరో కారున్న పెద్దమనిషి పేరుకూ మొదటి మాట ఒకటే, చివరి మాట ఒకటే. ఆ పెద్దమనిషికి మధ్యలో ఇంకో మాట ఉంది. ఆ మధ్య మాటను యంత్రం పట్టించుకోలేదు. రిక్షా తొక్కినవాడు కాగితం మీద కారు యజమాని అయ్యాడు, అతని భార్యకు బియ్యం లేకుండా పోయాయి. ఒక్కసారి ఆ ఇంటి గడప తొక్కి లోపలికి చూస్తే తేలిపోయే విషయం ఇది. గడప తొక్కే పని తప్పించుకోవడానికే గదా యంత్రాన్ని పెట్టుకున్నది!

సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ వేసిన వ్యాజ్యంలో 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, రద్దయిన కార్డులన్నిటినీ ఇల్లిల్లూ తిరిగి మళ్లీ పరిశీలించమని ఆదేశించింది. సుమారు 4 లక్షల 90 వేల దరఖాస్తులు వచ్చాయి. అందులో 2 లక్షల 5 వేల పైచిలుకు చూసేసరికే 15 వేలకు పైగా కుటుంబాలు అర్హులని తేలింది. వందకు ఏడున్నర. అధికారులు ఈ అంకెను చూసి, వందకు తొంభై రెండు సరిగ్గానే తీసేశాం గదా అనుకోవచ్చు. అట్లా అనుకునే ముందు ఒక సంగతి ఆలోచించాలి. ఇది దరఖాస్తు పెట్టుకోగలిగినవాళ్లలో లెక్క. కార్డు పోయి ఏళ్లు గడిచాక, ఆ కబురు తెలిసి, కాగితాలు పట్టుకుని తిరిగే ఓపిక ఉన్నవాళ్ల లెక్క. ఈ మధ్యలో చనిపోయినవాళ్లు, ఊరు విడిచినవాళ్లు, 'పైన' అనే మాట విని నోరు మూసుకున్నవాళ్లు ఈ అంకెలో లేరు. ఎంతమంది తప్పుగా పోయారన్నది ఏ డేటా దగ్గరా లేదు. తీసేసిన పేర్ల మీద మళ్లీ డేటా సేకరించడం ఎవరి పనీ కాదు గనక.

అయితే డేటాతో మేలే లేదా? ఉంది. గోదావరి ఒడ్డున ఉండి లేదంటే కళ్లున్నవాళ్లు నవ్వుతారు. 1986లో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చింది. 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చింది. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఎగువన ఎక్కడ ఎంత నీరు నడుస్తున్నదో గంట గంటకూ అంకెలు వస్తాయి, ఆ అంకెల్ని బట్టి ఇక్కడికి ఎప్పుడు ఎంత వస్తుందో లెక్క కడతారు, దాన్ని బట్టి కలెక్టర్ ఏ ఊరు ఖాళీ చేయించాలో నిర్ణయిస్తాడు. ఇంత మంచి నిర్ణయ పద్ధతి మన జిల్లాలో ఇంకోటి లేదు. ఎందుకు మంచిదయిందో చూడండి. అంకె నీటిది. అందులో ఎవరి పేరూ లేదు. అంకె తప్పయి నీళ్లు రాకపోతే జనం రెండు రోజులు బడిలో పడుకుని ఇంటికొస్తారు, అధికారుల్ని నాలుగు తిట్లు తిడతారు, అంతే. అంకె ఎటు తప్పినా భారం సర్కారు మోస్తుంది. పైగా గేజీ ఎన్ని అడుగులు చూపిస్తున్నదో వంతెన మీద నిలబడ్డవాడికీ తెలుసు, కలెక్టర్‌కూ తెలుసు. దాపరికం లేదు. రేషన్ యంత్రంలో ఈ గుణాల్లో ఒక్కటి చూపించండి.

రెండో మేలు ఇంకా పెద్దది, మన అస్తిత్వానికి దగ్గరిది. ముస్లింల వెనకబాటును అంకెల్లో చెప్పకపోతే ఈ దేశంలో ఎవరూ వినలేదు. 2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చేదాకా 'బుజ్జగింపు' అనే మాటకు మన దగ్గర కోపం తప్ప జవాబు లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రిజర్వేషన్ కథ అంతా లెక్కల కథే. 2004లో ఇచ్చిన 5 శాతాన్ని హైకోర్టు కొట్టేసింది. 2005లో మళ్లీ తెస్తే మళ్లీ కొట్టేసింది. పి.ఎస్. కృష్ణన్ నివేదిక మీద ఆధారపడి 2007లో 14 సముదాయాలకు బి.సి-ఇ కింద 4 శాతం చట్టం చేస్తే, 2010 ఫిబ్రవరిలో ఏడుగురు జడ్జీల ధర్మాసనం సర్వే పద్ధతి శాస్త్రీయంగా లేదని దాన్నీ కొట్టేసింది. ఆ మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వబట్టి మన పిల్లలకు ఆ సీట్లు నిలిచాయి. తెలంగాణ వచ్చాక 2016లో సుధీర్ కమిషన్ నివేదిక. 2024 నవంబర్‌లో మొదలైన కులసర్వే ఫలితాలు 2025 ఫిబ్రవరిలో వచ్చాయి. దాని ప్రకారం రాష్ట్రంలో ముస్లింలు 12.56 శాతం, అందులో బి.సి. ముస్లింలు 10.08 శాతం, మిగతా 2.48 ఓసీలు. ఈ అంకె చిన్నదేం కాదు. నూటికి ఎనభై మంది ముస్లింలు వెనకబడిన సముదాయాల వాళ్లేనని సర్కారే ఒప్పుకున్నట్టు. నవాబుల వారసులమన్న అపవాదు మోసీ మోసీ అలిసిపోయిన దూదేకులకూ, ఖసాబులకూ, ఫకీర్లకూ ఆ అంకె ఒక ఆయుధం.

కాబట్టి లెక్క మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నే తప్పు. లెక్క ఒక సముదాయం గురించి మాట్లాడేటప్పుడు, పదిమంది అటూ ఇటూ అయినా నిజం నిజంగానే ఉంటుంది. 12.56 లో ఒక జానీని రెండుసార్లు రాసినా, ఒక యాకూబ్‌ను వదిలేసినా విధానం మారదు. అదే లెక్కను ఒక మనిషి కంచం మీద తీర్పుగా వాడితే, ఆ ఒక్క తప్పే ఆ మనిషికి నూటికి నూరు. సగటు బాగుందని ఏ ఒక్కరి కడుపూ నిండదు. ఈ రెంటినీ ఒకే సంచిలో వేసి 'డేటా ఆధారిత పాలన' అని అమ్ముతున్నారు. పేచీ అంతా ఇక్కడ.

ఇందులో మనవాళ్లు తరచుగా దాటేసే ముచ్చట ఒకటుంది. పేరును బట్టి నిర్ణయించడం కంప్యూటర్‌తో మొదలవలేదు. 2007 చట్టం షెడ్యూలులో 'షేక్' ఒక సముదాయంగా ఉంది. సయ్యద్, మొగల్, పఠాన్ మినహాయింపుల్లో ఉన్నారు. పేరు ముందు షేక్ ఉన్నవాడికి సర్టిఫికెట్, సయ్యద్ ఉన్నవాడికి లేదు. అష్రాఫ్ దర్జాను అనుభవించినవాళ్లకు రిజర్వేషన్ ఎందుకన్న వాదన న్యాయమైనదే, నేను దాని పక్షమే. కానీ ఆ రిక్షా మనిషి పేరును చూడండి. పేరులోని మొదటి మాట ఇట్లాంటి గొప్ప మాటల్లోదే. అతను పుట్టేనాటికి దాంట్లో గొప్పతనం ఏం మిగిలిందో రిక్షాకు తెలుసు. పేరు ఒక పాత హోదాను మోస్తుంది, మనిషి ఇవ్వాళ్టి బతుకును మోస్తాడు. పేరును చదివి మనిషిని చదివాననుకునే జబ్బు చట్టం రాసినవాళ్లకూ ఉంది, యంత్రం చేసినవాళ్లకూ ఉంది. యంత్రం ఆ జబ్బును లక్షల రెట్లు వేగంగా నడిపిస్తుంది.

బయటి దేశాల సంగతి ఒక మాట. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం తీసుకునే తల్లిదండ్రుల్లో మోసగాళ్లెవరో పట్టుకోవడానికి పన్నుల శాఖ ఇట్లాంటి లెక్కల్నే నమ్మింది. డచ్ పౌరసత్వం లేకపోవడాన్ని అనుమానానికి ఒక గుర్తుగా వాడారు. వేల కుటుంబాలు చేయని మోసానికి అప్పుల పాలయ్యాయి. వలస వచ్చిన కుటుంబాలే ఎక్కువ నలిగాయి. 2021 జనవరిలో అక్కడి ప్రభుత్వం దీని మీద రాజీనామా చేసింది. ఇక్కడ 19 లక్షల కార్డుల మీద రాజీనామా మాట దేవుడెరుగు, ఒక్క ఎన్నికల సభలో గట్టిగా చర్చ కూడా నేను వినలేదు.

బియ్యం దగ్గర మొదలైన చూపు బియ్యం దగ్గరే ఆగదు. పైన చెప్పిన మసూద్‌నే 2021 మేలో, లాక్‌డౌన్ రోజుల్లో, హైదరాబాద్‌లో పోలీసులు ఆపి మాస్కు తీయమన్నారు. తీయనంటే మాస్కుతోనే ఫోటో తీసుకున్నారు. ఎందుకు తీశారో, ఎక్కడ దాచారో చెప్పమని ఆయన తెలంగాణ హైకోర్టుకు పోయారు. ముఖాన్ని గుర్తుపట్టే యంత్రాలను ప్రశ్నించిన వ్యాజ్యం అది. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చిన నాటినుంచి తెలుగు ముస్లిం రచయితలు తమను వెంటాడే అనుమానం గురించి రాస్తూనే ఉన్నారు. అప్పుడు ఆ అనుమానం పక్కవాడి కళ్లలో ఉండేది, పత్రికల్లో ఉండేది. దానితో వాదించవచ్చు, కవిత రాయవచ్చు, పక్కవాణ్ణి ఇంటికి పిలిచి సేమ్యా పెట్టవచ్చు. మార్కులు వేసే యంత్రంలోని అనుమానానికి సేమ్యా పెట్టలేం.

మా అడవి అంచున ఇంకో లెక్క నడుస్తున్నది. పోడు భూముల లెక్క. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న భూమికి హక్కు. గిరిజనేతరులయితే 75 ఏళ్ల నివాసం చూపించాలి. ఆనాడు సాగులో ఉందా లేదా అన్నదానికి పైనుంచి తీసిన ఉపగ్రహ చిత్రాన్ని ముందు పెడతారు. చెట్ల కింద వేసిన కొర్రచేను, ఆ ఏడాది బీడు పెట్టిన చెలక ఉపగ్రహానికి అడవిలాగే కనబడుతుంది. ఈ సంగతి తెలిసే 2012లో సవరించిన నిబంధనల్లో ఒక మంచి మాట రాశారు. ఉపగ్రహ చిత్రాలు మిగతా సాక్ష్యాలకు తోడుగా ఉండొచ్చు, వాటి స్థానంలోకి రాకూడదు. గ్రామసభలో ముసలాయన చెప్పే మాట, పాత సమాధి రాయి, దున్నిన గట్టు, ఇవన్నీ సాక్ష్యాలే. ఉపగ్రహం ఇంకో సాక్షి. ఈ నిబంధనను ఎంతవరకు పాటిస్తున్నారన్నది వేరే గొడవ. కానీ రాసి ఉంది. ఆదివాసులు కొట్లాడి అడవి విషయంలో సాధించుకున్న ఈ ఒక్క వాక్యం, రేషన్ విషయంలో, పింఛన్ విషయంలో ఎందుకు లేదు? యంత్రం అంచనా తోడు సాక్ష్యమే, తీర్పు కాదు అని ఒక్క జీవో రాయడానికి ఏమడ్డం?

అడ్డం ఏమిటో సింగరేణిలో పనిచేసిన కుటుంబాలకు చెప్పనక్కర్లేదు. మణుగూరు బొగ్గుతో పెరిగిన ఊరు. సింగరేణిలో 'మారుపేర్లు' అనేది తరాల సమస్య. ఒకప్పుడు వేరే పేరుతో పనిలో చేరినవాళ్లున్నారు, ఊళ్లో ఒక పేరు గని రికార్డులో ఒక పేరు ఉన్నవాళ్లున్నారు. బాయిలో దిగినంతకాలం ఎవరికీ అభ్యంతరం లేదు. బొగ్గు తీసింది ఆ చేతులే గదా. ఒంట్లో సత్తువ పోయి కొడుక్కి ఉద్యోగం అడిగేనాటికి పేర్లు కలవలేదని ఫైలు ఆగుతుంది, విజిలెన్స్‌కు పోతుంది. ఎన్నికల హామీల దాకా ఎక్కిన సమస్య ఇది. గమనించండి, ఇక్కడ పేరు కలవకపోవడం మనిషి మీద నేరమయింది. రేషన్ దగ్గర పేరు కలవడం నేరమయింది. కలిసినా తప్పు మనదే, కలవకపోయినా తప్పు మనదే. రుజువు చేసుకునే బరువు మాత్రం రెండుచోట్లా కూలివాడి నెత్తినే. ఆ బరువును కిందికి దించి సర్కారు నెత్తికి ఎత్తాలంటే ఒక మనిషిని జీతమిచ్చి ఇంటికి పంపాలి. అడ్డమంతా ఆ జీతం దగ్గరే ఉంది.

2025లో కొత్త రేషన్ కార్డుల పంపిణీ జరిగింది. మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. పల్లెల్లో ఏడాదికి లక్షన్నర, పట్నాల్లో రెండు లక్షల ఆదాయం హద్దు. ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఇళ్లలోకి కార్డు వచ్చింది, సంతోషమే. ఇచ్చేటప్పుడు సభలు పెడతారు, ఫోటోలు దిగుతారు. తీసేసేటప్పుడు ఏం చేస్తారన్నది ఇప్పుడే అడిగి పెట్టుకోవాలి. నీకు కారుందని యంత్రం చెబితే ఆ కారు నంబరేమిటో నోటీసులో రాయాలి. ఏ ఆఫీసులో ఎవరి పేరు మీద రిజిస్టరయిందో రాయాలి. ఏ ఏ మాటలు కలిశాయని ఇద్దరినీ ఒక్కరన్నారో రాయాలి. రాసిన అధికారి పేరు కింద ఉండాలి, నిండు పేరు, పొట్టి అక్షరాలు కాదు. జవాబు వచ్చి, ఎవరో ఒకరు ఇంటికొచ్చి చూసేదాకా బియ్యం ఆగకూడదు. 2017 నుంచి ఉర్దూ రాష్ట్రమంతటా రెండో అధికార భాష గనక, అడిగినవాళ్లకు ఆ నోటీసు ఉర్దూలో ఇవ్వాలి. గూడేనికి పోయే నోటీసును ఎవరైనా కోయలో చదివి వినిపించాలి.